చెప్పుల దగ్గర బాప్తిస్మం

శుక్రవారం పొద్దు వాలే వేళ ఆదెయ్య మామ మా వాకిట్లోకి వచ్చి అక్కడే నిలబడిపోయాడు. నులకమంచం వాల్చబోతే చేత్తోనే వద్దన్నాడు. పురుడు వచ్చిన ఇంట్లో ఆయన కూర్చోడు, మంచినీళ్ళు కూడా తాగడు. ఆయన మా గుడికి సంఘ పెద్ద. చుట్టం కాకపోయినా పల్లెలో ఆ వయసు వాళ్ళంతా నాకు మామలే.

ఆ వేళప్పుడు పెద్దమనిషి గుమ్మంలోకి వచ్చాడంటే నాకు మొదట తోచింది క్వారీయే. మా ఆయన, యల్లమంద, నాపరాయి క్వారీలో పని చేస్తాడు. రాయి జారి మీద పడిందేమో, ఆ మాట చెప్పలేక ఈయన నిలబడిపోయాడేమో అనుకున్నాను.

"ఏమైంది మామా? ఆయనకేమన్నా..."

"వాడికేమైద్ది, గుండ్రాయిలాగా ఉన్నాడు. ఇందాకే రోడ్డు మీద కనపడ్డాడు. ఎల్లుండి పాస్టరయ్యగారు వచ్చినప్పుడు పిల్లకి బాప్తిస్మం ఇప్పిస్తామన్నాడు. నిజమేనా అమ్మాయ్?"

"నిజమే."

"ఆడపిల్ల గందా?"

"ఆడపిల్లయితే ఏంది మామా?"

ఆయన చంకలోంచి బైబిలు తీశాడు. దానికెప్పుడూ తెల్ల గుడ్డ చుట్టి ఉంటుంది. గుడ్డ విప్పి, కళ్ళజోడు సర్దుకుని, ధర్మశాస్త్రంలో ఒకచోట వేలు పెట్టి దూరం నుంచే చూపించాడు. మగపిల్లవాణ్ణి కన్న తల్లి నలభై రోజులు గుడిలోకి రాకూడదు, పరిశుద్ధమైనది ఏదీ ముట్టుకోకూడదు. ఆడపిల్లని కంటే దానికి రెట్టింపు. మా పల్లెలో తాతల నాటి నుంచి ఎవరు పుట్టినా నలభయ్యే. ఈ మధ్య మాచర్లలో ప్రార్థన కూటాలు జరిగితే వెళ్ళి వచ్చి, అప్పటి నుంచి ఆయన ఈ రెట్టింపు పట్టుకున్నాడు.

"ఎల్లుండికి నలభై దాటిపోతయ్యి మామా. అందుకనే గందా ఇన్నాళ్ళూ ఉగ్గబట్టుకొని కూర్చున్నా."

"నలభై మనం పెట్టుకున్న లెక్క. ఎనభై దేవుడి లెక్క. నేను రాసింది కాదు ఇది."

"అయ్యగారు మళ్ళీ వచ్చేది వానలు పడ్డాకే మామా."

"అప్పుడే ఇప్పిద్దాం. అప్పటిదాకా పిల్ల ఎక్కడికి పోద్ది?"

ఎక్కడికి పోతుందో ఆయనకి తెలియక కాదు. ఇంతకు ముందు పోయిన ఇద్దరినీ పూడ్చినప్పుడు దగ్గరుండి ప్రార్థన చేసింది ఆయనే.

నాకు ఈ పిల్ల మూడోది. మొదటి ఇద్దరూ మగపిల్లలు. ఇద్దరూ నలభై నిండకుండానే పోయారు. నలభై నిండితే గుడికి తీసుకువెళ్ళాలని, బాప్తిస్మంలో పేరు పెట్టించాలని చూస్తూ చూస్తూ ఉండగానే పోయారు. మా సమాధుల దొడ్డిలో ఎవరు చనిపోయినా తల దగ్గర నాపరాయి నాటి, దాని మీద పేరు చెక్కిస్తారు. బాప్తిస్మం లేని పిల్లలకి పేరుండదు కాబట్టి రాయి కూడా నాటరు. కంచె పక్కన, జిల్లేడు మొక్కల దగ్గర మట్టి కప్పుతారు. వానాకాలం వచ్చేసరికి ఆ చోటేదో తల్లికి కూడా గుర్తుండదు. ఊళ్ళకి ఊళ్ళు నేల పరిచే రాయి కొడతాడు మా ఆయన. తన బిడ్డలకి నాటుకోవడానికి ఆయనకి రాయి లేదు.

ఈ పిల్ల నెలలు నిండకుండా పుట్టింది. మాచర్ల ఆసుపత్రిలో డాక్టరమ్మ దూదిలో చుట్టి ఇచ్చి, వెచ్చగా ఉంచమంది, ఇంకేం చెప్పలేదు. ఏం చెప్పలేదంటేనే నాకు అంతా అర్థమైంది. అప్పటి నుంచి నేను నిద్రపోయింది లేదు. పిల్ల కళ్ళు మూస్తే ముక్కు కింద వేలు పెట్టి చూస్తాను. కళ్ళు తెరిస్తే ఎందుకు తెరిచిందా అని చూస్తాను. ఎనభై అయిదో సంవత్సరం ఎండాకాలం అది, సాగరు కాలవలు కట్టేశారు, బండలు రాత్రి కూడా సెగలు కక్కుతున్నాయి. అంత ఎండలో పిల్ల అరికాళ్ళు మాత్రం చల్లగా ఉండేవి.

"మామా, నేను రాకపోతే మానె. మా అత్త ఎత్తుకొని వచ్చిద్ది. పిల్లకన్నా ఇప్పించు," అన్నాను.

"తల్లికి మైల ఉంటే పాలు తాగే పిల్లకి ఉండదా?" ఆయన గొంతు తగ్గించాడు. "సుభాషిణీ, నేను నీ మీద కోపంతో చెప్పటంలా. నాకు భయం. దేవుడంటే ఆటలనుకోబాకు. బండి మీద దేవుడి పెట్టె, మందసం, పడిపోతందని చెయ్యేసి పట్టుకున్నోణ్ణి అక్కడికక్కడే చంపాడు. వాడు మంచికే పట్టుకున్నాడు. అయినా చంపాడు. పోయినేడు ఏమైందో నీకు తెలవదా? ముట్టులో ఉన్న మనిషి చెప్పకుండా బల్ల తీసుకుంది, రొట్టె ముట్టుకుంది. ఆ వారమే క్వారీలో ఇద్దరి మీద బండ పడింది."

ఆ మాట పల్లెలో అందరూ అనుకున్నదే. నేనూ అనుకున్నాను. సగం నమ్మాను కూడా.

మా అత్త రోశమ్మ పొయ్యి దగ్గర నుంచి అంతా విన్నది. ఆయన కనుమరుగయ్యేదాకా ఆగి, "ఈయన్ని కన్నప్పుడు ఈయనమ్మని మాత్రం బయట కూర్చోబెట్టాల్సింది, ఇంకా రెట్టింపు," అన్నది.

"నవ్వులా అత్తా ఇది?"

"నవ్వకపోతే ఏం జెయ్యనే? ఏడిస్తే పాలు ఎగిరిపోతయ్యి నీకు."

నేను మిషను హాస్టల్లో ఉండి ఏడో తరగతి దాకా చదువుకున్నాను. ఆయన వేలు పెట్టిన చోటేదో చూసుకుందామని మా బైబిలు తీశాను. రోజుల లెక్క ఆయన చెప్పినట్టే ఉంది. కానీ అది అక్కడితో అయిపోలేదు. రోజులు తీరాక తల్లి ఒక గొర్రెపిల్లని తేవాలట. గొర్రెపిల్లని తెచ్చుకోలేని పేదది అయితే రెండు గువ్వలో, రెండు పావురం పిల్లలో తేవాలట. యాజకుడు వాటిని అర్పిస్తే అప్పుడు గానీ ఆమె పవిత్రురాలు కాదు.

చదివి అట్లాగే కూర్చుండిపోయాను. మా పల్లెలో నలభై రోజులు కూర్చోవడం అందరికీ తెలుసు, పావురాలు తేవాలని ఎవరికీ తెలియదు. మా అమ్మ తేలేదు, మా అత్త తేలేదు. నేను పుట్టింట్లో మైలతో పుట్టి, మైలతోనే పెరిగి, మైలతోనే కన్నానేమో. ఇద్దరు మగపిల్లలూ అందుకే పోయారేమో. దేవుడు మా గుమ్మంలో నిలబడి పావురాల కోసం చూసి చూసి, మేము తేకపోయేసరికి పిల్లల్ని తీసుకుపోయాడేమో. ఇప్పుడు ఇది రాస్తుంటే పిచ్చి ఆలోచన అనిపిస్తుంది గానీ, ఆ పూట నాకు అంతకంటే నిజం ఇంకొకటి లేదు.

మా ఆయన రాగానే చెప్పాను. "నాకు రెండు పావురం పిల్లలు కావాలి."

"పత్యానికా?"

"దేవుడికి."

ఆయన తువ్వాలతో మొహం తుడుచుకుంటూ అట్లాగే ఆగిపోయాడు. "నీకు జొరం గానీ వచ్చిందా ఏమే?"

పుస్తకం చూపించాను. ఆయనకి చదువు రాదు. వేలు పెట్టి చదివి వినిపించాను. "రోజులు నా చేతిలో లేవు. పిల్ల అంతదాకా ఉండదు. పావురాలైతే నా చేతిలో ఉన్నయ్యి. ఇవ్వగలిగింది ఇచ్చి లోపలికి పోతా."

క్వారీ దగ్గర టీకొట్టు పెట్టుకున్న ఇమాం సాహెబు పావురాలు పెంచుతాడు. మర్నాడు మా ఆయన పని దిగి అటే వెళ్ళి, ఈతగంపలో రెండు పిల్లల్ని పెట్టుకుని వచ్చాడు.

"ఏమన్నాడు సాహెబు?" అని అడిగింది మా అత్త.

"బాలింతకి పావురం వేడి చేసిద్ది, చూసి పెట్టండన్నాడు. తినటానికి కాదు, దేవుడికని చెప్తే, 'మీ దేవుడు ఎప్పటి నుంచి అడుగుతన్నాడు?' అన్నాడు. 'మా ఆడదాన్ని అడుగు' అన్నా."

"మంచి మాట అన్నావు. ఊరంతా తెల్సిపోయింది ఇక," అన్నది మా అత్త.

ఆదివారం పొద్దున అయ్యగారు రావాల్సిన బస్సు ఆలస్యమైంది. బస్సు ఆలస్యమైతే నా లెక్కలో అది ఏ కాలవలోనో బోర్లా పడినట్టే. కాసేపటికి జోసెఫ్ అయ్యగారు గొడుగు వేసుకుని, సంచి భుజాన తగిలించుకుని డొంకదారిన నడిచి వచ్చారు. చాలా చిన్న వయసు, గురజాల వైపు నుంచి వస్తారు, ఆయన కింద చాలా ఊళ్ళు. పెద్దవాళ్ళు ఏదైనా అంటే ఆయన చెవులు ఎర్రబడతాయి.

మా గుడి నాపరాళ్ళతో కట్టిందే. గోడలూ రాయే, నేలా రాయే. లోపల చివర బల్ల ఉంటుంది, దాని ముందు అడ్డంగా నడుమెత్తు చెక్క కడ్డీ, పక్కన ఒక మనిషి పట్టే సందు. కడ్డీకి అవతల అయ్యగారు తప్ప ఎవరూ అడుగు పెట్టరు. బాప్తిస్మానికైనా, రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికైనా కడ్డీ ఇవతలే మోకరిస్తాం. గడప బయట అందరూ చెప్పులు విడుస్తారు.

మేము వెళ్ళేసరికి ఆదెయ్య మామ గడపలో నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ పంచె, చేతిలో ఆ గుడ్డ చుట్టిన బైబిలు. లోపల జనం నిండి ఉన్నారు, ఆడవాళ్ళు ఎడమ పక్క, మగవాళ్ళు కుడి పక్క. నేను పాత వాయిలు చీర ముక్కలో పిల్లని చుట్టి ఎత్తుకున్నాను. పక్కన మా ఆయన, గంపతో.

"శుక్రవారమే చెప్పాను గందమ్మా," అన్నాడు మామ.

"చెప్పావు మామా. చదువుకున్నాను కూడా. తెచ్చాను." గంప మీద గుడ్డ తీశాను.

పావురం పిల్ల ఒకటి తల ఎత్తి చూసింది. లోపల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ వెనక మగవాళ్ళలోంచి ఒక గొంతు, "కోసి వండితే అందరికీ ముక్క రాదమ్మోయ్" అన్నది. నవ్వు గుడంతా పాకింది. నా చెవులు గింగురుమన్నాయి.

"ఏంది ఇది?" అన్నాడు మామ.

"నువ్వు చూపిచ్చిన చోటే ఉంది మామా, నాలుగు వాక్యాలు కిందికి. రోజులు అయ్యాక ఇయ్యి ఇవ్వాలంట. రోజులు నా దగ్గర లేవు, ఇయ్యి ఉన్నయ్యి. అయ్యగారిని అర్పించమని చెప్పు. నేను లోపలికి వస్తా."

నేను ఎగతాళికి అనలేదు. అర్పిస్తే అర్పిస్తారనే తెచ్చాను. ఆ పక్షుల్ని చూస్తుంటే జాలేస్తూనే ఉంది. అయినా తెచ్చాను.

గోల విని అయ్యగారు తెల్ల అంగీ గుండీలు పెట్టుకుంటూనే గడప దగ్గరికి వచ్చారు. గంప చూశారు, నన్ను చూశారు. సంగతి విన్నాక ఆయన చెవులు ఎర్రబడ్డాయి.

"అమ్మా, వీటితో పని లేదమ్మా. ఆ బలులన్నీ ప్రభువు సిలువ మీద తీర్చేశాడు. మనం ఏ రక్తమూ తేనక్కర్లేదు. ఆయన రక్తం వల్లే మనం దేవుడి దగ్గరికి వస్తాం."

"పావురాలు అక్కర్లేదంటారా అయ్యగారూ?"

"అక్కర్లేదమ్మా."

"అయితే పోయిన నా పిల్లలకి కూడా... వాళ్ళు ఇందుకు పోలేదా?"

ఆయన నా మొహంలోకి చూశారు. "కాదమ్మా. ఇందుకు పోలేదు."

మా ఆయన గంప మీద మళ్ళీ గుడ్డ కప్పి, తీసుకుపోయి గోడ నీడలో పెట్టాడు. ఆ సాయంత్రమే ఇమాం సాహెబుకి తిరిగి ఇచ్చేశాడు కూడా.

"పావురాలూ రోజులూ ఒకచోటే ఉన్నయ్యి అయ్యగారూ," అన్నాను. "అయ్యి అక్కర్లేకపోతే రోజులు మాత్రం ఎందుకు?"

అయ్యగారు నోరు తెరిచేలోపు ఆదెయ్య మామే అందుకున్నాడు. "ఎందుకంటే చెప్తా విను. బలి ఒకసారితో అయిపోయింది, నేను కాదన్లా. దేవుడి పరిశుద్ధత ఒకసారితో అయిపోయేది కాదు. అప్పుడెంత నిప్పో ఇప్పుడూ అంతే నిప్పు. నిప్పులో చెయ్యి పెట్టబోయే ముందు ఆగమంటన్నా. అది తప్పా?"

తప్పని అనలేకపోయాను. ఆయన అన్నది నిజమనే నా ఒళ్ళంతా చెబుతోంది. నిప్పే. చిన్నప్పటి నుంచి ఆ బల్ల వైపు కళ్ళెత్తి చూడాలంటేనే నాకు దడ. కానీ అయ్యగారు అన్న మాట ఒకటి నా చెవిలో ఉండిపోయింది. దాన్నే పట్టుకున్నాను.

"అయ్యగారూ, దేవుడి దగ్గరికి వస్తాం అన్నారు గదా ఇందాక?"

"అన్నానమ్మా."

"ఎక్కడిదాకా?"

ఆయన నా వైపు చూశారు, మామ వైపు చూశారు. లోపల జనం వైపు చూశారు. "ఒక పని చేద్దాం," అన్నారు. "నీళ్ళ గిన్నె ఇక్కడికే తెస్తాను. మీరు గడప బయటే ఉండండి. ఇక్కడే బాప్తిస్మం ఇస్తాను. పెద్దాయనకీ అభ్యంతరం ఉండదు, మీకూ పని జరుగుతుంది. దేవుడు ఎక్కడైనా దేవుడే కదమ్మా."

ఆదెయ్య మామ తల ఊపాడు. "పిల్ల బలహీనంగా ఉందని నేనూ చూస్తన్నా. సరే. గడప బయటైతే సరే." ఆయన దయతోనే అన్నాడు. తన లెక్క కాదని ఒక మెట్టు దిగి వచ్చాడు.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. "ఇంకేందే, కానీ," అన్నాడు మా ఆయన నా చెవిలో. పిల్ల పెదాల చుట్టూ నీలంగా ఉంది. ఈ పూట దాటితే వానల దాకా అయ్యగారు రారు. ఒప్పుకుంటే ఇప్పుడే పేరు. ఒప్పుకోకపోతే ఏమవుతుందో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. నేను ఒప్పుకునేదాన్నే. నా బతుకంతా ఒప్పుకోవడమే.

ఎక్కడ నిలబడాలా అని కిందికి చూశాను. హవాయి చెప్పులు, టైరు చెప్పులు, క్వారీ సున్నం అంటిన బూట్లు. ఒక జోడుకి పేడ అంటి ఉంది. మా ఆయన కాలితో వాటిని పక్కకి నెట్టి నాకు చోటు చేస్తున్నాడు.

"వద్దు," అన్నాను.

"ఏంది వద్దు?"

"ఇక్కడ వద్దు. చెప్పుల దగ్గర నా పిల్లకి బాప్తిస్మం వద్దు."

"ఏమే, పిల్ల..." అన్నాడు మా ఆయన.

"పిల్ల కోసమే అంటన్నా. ఇద్దరు కంచె పక్కన పోయారు. ఇది గడప పక్కన. నా పిల్లలెప్పుడూ పక్కనేనా?" నా గొంతు ఎక్కడి నుంచి అంత పెద్దగా వచ్చిందో నాకే తెలియలేదు. "మామా, నువ్వు చెప్పినట్టు ఆయన నిప్పే. నాకు తెలుసు. ఈ పల్లెలో నాకంటే ఎక్కువ భయపడేది ఎవరు? అయినా ఇంకెక్కడికి పోను? ఇంకో దేవుడు ఉన్నాడా, కాస్త తక్కువ పరిశుద్ధంగా ఉండేవాడు, మాలాంటోళ్ళ కోసం? ఉంటే చెప్పు, అటే పోతా. లేడంటే తప్పుకో."

"తప్పుకోను," అన్నాడు ఆదెయ్య మామ. గుమ్మానికి రెండు పక్కలా చేతులు చాపి పట్టుకున్నాడు.

నేను చెప్పులు విడిచి అడుగు ముందుకు వేశాను.

ఆయన చేతులు అట్లాగే ఉన్నాయి గానీ ఒళ్ళు వెనక్కి పోయింది. ఇంకో అడుగు వేశాను. ఆయన చేతులు గుమ్మం వదిలేశాయి. అప్పుడు అర్థమైంది నాకు. నన్ను ఆపాలంటే ఆయన నన్ను ముట్టుకోవాలి. ముట్టుకుంటే ఆయన లెక్క ప్రకారం ఆయనకే మైల, ఆ పూట ఆయన బల్ల దగ్గరికి రాకూడదు. నా చీర చెంగు తగులుతుందేమోనని పంచె దగ్గరికి పట్టుకుని వెనక్కి నడుస్తున్నాడు. నేను ముందుకి నడుస్తున్నాను. ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ మధ్య దారిలో ఆయన వెనక్కి వెనక్కి, నేను ముందుకి ముందుకి.

"ఆగు. ఆగమ్మా. చెప్తన్నా, ఆగు."

నేను ఆగలేదు. నాకు ఆ నడక గొప్పగా ఏమీ లేదు. ప్రతి అడుగుకీ ఇదే ఆఖరిదనుకున్నాను. కాళ్ళ కింద బండ చల్లగా ఉంది, ఆ చల్లదనం కూడా నన్ను భయపెట్టింది. ఇక్కడ కూలిపోతే పిల్ల నేలకి తగలకుండా ఎట్లా పట్టుకోవాలా అని, పడేదేదో వెల్లకిలా పడాలని అనుకుంటూ నడిచాను.

ఆయన వీపు చెక్క కడ్డీకి తగిలింది. ఇక వెనక్కి పోవాలంటే కడ్డీ దాటి బల్ల దగ్గరికి పోవాలి. అక్కడికి పోవడానికి ఆయనకీ అనుమతి లేదు.

"తప్పుకో మామా. తప్పుకోకపోతే తగులుతా."

అంత దగ్గరగా ఆయన కళ్ళని నేనెప్పుడూ చూడలేదు. కోపం లేదు వాటిలో. నాలో ఉన్న భయమే ఆయనలోనూ ఉంది. ఒకే దేవుడికి ఇద్దరం భయపడుతున్నాం, ఆయన వెనక్కి, నేను ముందుకి, అంతే తేడా. ఆయన కడ్డీ పట్టుకుని పక్కకి జరిగాడు.

నేను మోకరించాను. అయ్యగారు ఇంకా గడప దగ్గరే ఉన్నారు, గుడిలో ఎవరూ కదలడం లేదు. బల్ల మీద తెల్ల గుడ్డ, గిన్నె. ప్రార్థన ఒక్కటి కూడా గుర్తుకు రాలేదు. మనసులో అన్నది ఇంతే: వచ్చాను. నువ్వు ఎంత పవిత్రుడివో నాకు తెలుసు. కొట్టదలుచుకుంటే నన్ను కొట్టు, దీన్ని ముట్టుకోబాకు. నేనైతే లేచి పోను. నీ కొడుకు నన్ను రమ్మన్నాడని విని వచ్చాను. అది అబద్ధమైతే ఆయన్ని అడుగు, నన్ను కాదు.

అన్నాక ఒళ్ళు ముడుచుకుని ఎదురుచూశాను. ఏమీ కాలేదు. పిల్ల ఊపిరి నా మెడకి తగులుతోంది. గుడిలో వెనక వరస నుంచి మా అత్త గొంతు వినపడింది.

"ఏంది అయ్యగారూ అట్ట నిలబడ్డారు? గిన్నె ఎక్కడ పెట్టారో మర్చిపొయ్యారా? ముందర ఉంది చూడండి, బల్ల మీద."

అయ్యగారు వచ్చారు. నడిచి వచ్చారో పరుగెత్తి వచ్చారో, నా పక్కగా కడ్డీ దాటి లోపలికి వెళ్ళి గిన్నె తీసుకున్నారు.

"పిల్ల పేరు?"

"హన్నమ్మ." మా అమ్మ పేరు అది. లోగొంతుతో అన్నాను.

"వినపడలేదమ్మా."

"హన్నమ్మ!" గోడలు మోగేటట్టు అన్నాను.

నీళ్ళు పోశారు. పిల్ల ఏడవలేదు. రెండోసారి పోశారు, కదల్లేదు. మూడోసారికి మూతి ముడిచి, కనుబొమలు చిట్లించి, అచ్చం మా అత్తలాగా విసుక్కుంది. అంతే. హన్నమ్మ అయింది.

"అయింది గందా. ఇక లెగువమ్మా," అన్నాడు ఆదెయ్య మామ పక్క నుంచి, మెల్లగా. "పిల్ల సంగతి అయిపోయింది. ఇక చాలు."

ఇంటి దగ్గర నుంచి బయల్దేరినప్పుడు నేను అనుకున్నదీ అంతే, పిల్ల పేరు ఒక్కటే. లేవబోయాను కూడా. కానీ బల్ల మీద రొట్టె ఉంది. మొదటివాడు కడుపులో ఉన్నప్పుడు తీసుకున్నాను రొట్టె. ఆ తర్వాత కాన్పులూ చావులూ, మైలలూ, ఎప్పుడూ వంతు తప్పిపోతూనే ఉంది.

"బల్ల కూడా తీసుకుంటా మామా," అన్నాను. మోకాళ్ళ మీద నుంచి లేవలేదు.

అయ్యగారు నా చేతిలో రొట్టె ముక్క పెట్టారు. ద్రాక్షరసం గిన్నె నా పెదాలకి ఆనించారు. మా గుడిలో గిన్నె ఒక్కటే, ఒకరి తర్వాత ఒకరం తాగాలి. నేను తాగాక అయ్యగారు అంచు గుడ్డతో తుడిచి, గిన్నె పట్టుకుని నా పక్కన ఖాళీ చోటు ముందు నిలబడ్డారు. ఎవరూ లేవలేదు. మా ఆయన కూడా లేవలేదు, ఆయన మొహాన్ని చేతుల్లో దాచుకుని కూర్చున్నాడు. అయ్యగారు అట్లాగే నిలబడ్డారు. దించలేదు. ఆయన చెవులు ఎర్రగా ఉన్నాయి గానీ గిన్నె మాత్రం దించలేదు.

అప్పుడు ఆడవాళ్ళ వైపు నుంచి నాంచారమ్మత్త లేచింది. ఆదెయ్య మామ భార్య ఆమె. మామ పక్క నుంచే నడిచి, ఆయన వైపు చూడకుండా వచ్చి, కడ్డీ పట్టుకుని మూలుగుతూ నా పక్కన మోకరించింది.

"కాస్త జరగవే. నా మోకాళ్ళు మడతబడవు," అన్నది.

జరగడానికి చోటు చాలా ఉంది. అయినా జరిగాను. ఆమె భుజం నా భుజానికి ఆనుకుంది. ఆ తర్వాత మా అత్త వచ్చింది, మా ఆయన వచ్చాడు, ఇంకొందరు వచ్చారు. అందరూ రాలేదు. సగం మంది కూర్చునే ఉన్నారు. ఆదెయ్య మామ కూడా రాలేదు. గుండె మీద చెయ్యి పెట్టుకుని గోడకి ఆనుకుని నిలబడ్డాడు.

బయటికి వచ్చాక, అందరూ వెళ్ళిపోతుంటే ఆయన నా దగ్గరికి వచ్చి నాలుగు అడుగుల దూరంలో ఆగాడు. పిల్ల వైపు చూశాడు. ఆయన మొహం వాడిపోయి ఉంది.

"పల్లె మీదికి ఏదన్నా వస్తే ఎట్టా అమ్మాయ్? రేపు క్వారీలో మళ్ళీ ఏదన్నా అయితే? నేను దేవుడికి ఏమని చెప్పుకోను?"

ఆ మాట నా గుండెలో గుచ్చుకుంది. రేపు మా ఆయన క్వారీలోకి దిగాలి. ఎల్లుండీ దిగాలి. ఆ భయం నాకు ఆ పూటతో పోలేదు, ఇప్పటికీ పోలేదు, హన్నమ్మ ముక్కు కింద వేలు పెట్టడం ఇప్పటికీ మానలేదు.

"ఏదన్నా అయితే నా పేరు చెప్పు మామా," అన్నాను. "యల్లమంద పెళ్ళాం సుభాషిణి లోపలికి వచ్చిందని చెప్పు. దొంగతనంగా రాలేదని, అందరూ చూస్తుండగా నడిచి వచ్చిందని చెప్పు. వచ్చే ఆదివారం కూడా వస్తదని, ఆ పై ఆదివారం కూడా వస్తదని చెప్పు. నువ్వు చెప్పకపోయినా ఆయనకి తెలుసులే, నేనే చెప్పుకొని వచ్చా."